ఇంజను కక్కిన వెండి

మొన్న మా మనవడు పెరట్లో మోటారు సైకిలు నిలబెట్టి, ఇంజను అడుగున మర విప్పి, పాత ఆయిలును ప్లాస్టిక్ తొట్టిలోకి దించుతున్నాడు. నేను వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాను. ఉన్నట్టుండి వాడు పకపకా నవ్వి, "అవ్వా, బిర్నా రా! మన ఇంజను గూడా వెండి కక్కింది సూడు" అని కేక వేశాడు. కళ్లజోడు వెతుక్కుని వెళ్లి చూశాను. తారులాంటి నల్లటి ఆయిలు మీద ఎండ పడి, అందులో సన్నటి లోహపు పొట్టు మిణుకుమిణుకుమంటోంది. లోపల ఏదో అరుగుతోందని, మెకానిక్కుకు చూపించేదాకా బండి ఎక్కవద్దని చెప్పాను. వాడి చెవికి ఆ మాట ఎక్కలేదు. వంటింట్లోంచి మా కోడలు కూడా నవ్వింది. కొత్తగా ఈ ఇంటికి వచ్చిన మనవడి భార్య మాత్రం, "వెండేంది, కక్కేదేంది?" అని అడిగింది. "మన పటేలు తాత ఇంజన్లో పని చేసేటోడు పసిబిడ్డ వెండి మొలతాడు కొట్టేసి, కరిగించి, ఇంజన్లో దాసినాడంట. దేవుడుండాడు గదా, ఇంజనే కక్కేసింది!" అని వాడు చెప్పాడు. ఆ పిల్ల కూడా నవ్వింది. ఆ విధంగా మా ఇంట్లో ఒక మనిషిని మరొకసారి దొంగను చేయడం, చేతికంటిన ఆయిలు తుడుచుకునేంత సేపట్లో పూర్తయింది.

నేను చూసినదీ విన్నదీ విడివిడిగా రాసి పెట్టుకునే అలవాటున్న మనిషిని. వాన పడిన రోజు, బావిలో నీళ్లు దిగిన లోతు, ఎవరింట్లో ఎవరు పుట్టారు, ఎవరు ఎవరితో ఏ మాట మీద మాట్లాడటం మానేశారు, అన్నీ రాస్తాను. ఇంట్లో వాళ్లు దీన్ని ఒక జబ్బుగా భావించి క్షమించారు. ఈ ఇంజను సంగతి మాత్రం ఇంతవరకూ రాయలేదు. అందరికీ తెలిసిన విషయాన్ని మళ్లీ రాయడమెందుకు అనుకున్నాను. అందరికీ తెలిసినది అబద్ధం కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో నేను కళ్లారా చూడనిది ఎక్కడైనా ఉంటే, చూడలేదని అక్కడే చెబుతాను.

అప్పట్లో మా పావగడ తాలూకా మైసూరు మహారాజుగారి రాజ్యంలోదే అయినా, చుట్టూ ఉన్నవి ఇంగ్లీషు వాళ్ల జిల్లాలు. తుమకూరుకు వెళ్లాలంటే మన రాజ్యం దాటి, పరాయి రాజ్యపు దుమ్ము తిని, మళ్లీ మన రాజ్యంలోకి దిగాలి. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం. నాగలమడిక పక్కన ఉన్న మా ఊరికి మా పెదనాయన పటేలు. తాలూకా అధికారి అయిన అమల్దారు కచేరీకి వెళ్లివచ్చిన ప్రతిసారీ అక్కడ తాను మాట్లాడిన కన్నడాన్ని మాకు మళ్లీ వినిపించేవాడు. ఆయనకు కన్నడం బాగా వచ్చునన్నది ఊరంతా ఒప్పుకున్న సంగతి. ఒప్పుకోకపోతే ఏమవుతుందో కూడా ఊరికి తెలుసు. శనక్కాయలు ఒలిచే మిషను పెట్టి, దాన్ని తిప్పడానికి ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన ఆయిలింజను కొన్నదీ ఆయనే. దానికి రెండు పక్కలా పెద్ద పెద్ద చక్రాలు. అది నడిచినంతసేపూ మా ఇంటి గోడలకున్న సున్నం రాలేది. పెదనాయన దాని పక్కనే మంచం వేయించుకుని, పొగాకు నములుతూ, అది తన కోసమే పాడుతున్నట్టు తలూపుతూ కూర్చునేవాడు. అలా కూర్చుని కూర్చుని ఎడమ చెవి పూర్తిగానూ, కుడి చెవి సగమూ పోగొట్టుకున్నాడు. తనకు వినిపించదని మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు. వినిపించినంత మేరకు విని, మిగిలినది తానే పూరించుకునేవాడు. పటేలు కాబట్టి ఆ పూరించినదే చెల్లుబాటయ్యేది.

ఇంజను నడపడానికి హిందూపురం వైపు నుంచి ఒకాయన్ని భార్యతో సహా తెచ్చి పెట్టారు. ఊరు ఆయన్ని ఇంజనాయన అనీ, ఆమెను ఇంజనామె అనీ పిలిచింది. వినయమనేది ఇంజనాయన దరిదాపులకు రాలేదు. తెలిసినది పదింతలు చేసి చెప్పేవాడు, తెలియనిది ఇంకా గట్టిగా చెప్పేవాడు. "ఇంజను నా మాట ఇంటాదప్పా, నా పెండ్లామే ఇనదు" అని ఆమె ఎదుటే అనేవాడు. ఆమె, "ఇంజనుకు చెవులు లేవు గాబట్టి సరిపోయింది" అని జవాబిచ్చేది. ఆయన మీసానికి ఇంజను ఆయిలే రాస్తాడని పిల్లలం చెప్పుకునేవాళ్లం. అది నేను చూడలేదు. యుద్ధం వచ్చాక ఆయిలు దొరకడం కష్టమైంది. పాత ఆయిలునే గుడ్డలో వడకట్టి మళ్లీ మళ్లీ పోసేవారు, చాలకపోతే ఆముదం కలిపేవారు. ఆ రోజుల్లోనే ఇంజను లోపల పెద్ద కడ్డీ తిరిగే చోట ఉండే పూత అరిగిపోయింది. ఆ పూత సీసం, తగరం కలిసిన మెత్తటి తెల్ల లోహం. ఇనుము ఇనుముతో రాసుకోకుండా మధ్యలో పరుపులా ఉంటుంది. కొత్తది దొరకక, ఇంజనాయన పాత ముక్కలు సంపాదించి, కమ్మరి కొలిమిలో ఇనప గరిటెలో కరిగించి పోశాడు. పోసి ఊరుకున్నాడా? "నా ఇంజనుకు వెండి కడియం తొడిగినానప్పా!" అని అంగడి వీధి పొడుగునా చెప్పుకున్నాడు. ఊరు ఆ మాటను నవ్వుతూ విని, పదిలంగా దాచిపెట్టుకుంది.

ఇంజనామె మా ఇంట్లో పసిబిడ్డలకు నూనె రాసి నీళ్లు పోసేది. ఆ ఎండాకాలంలో పెదనాయన మనవడి నడుముకుండే వెండి మొలతాడు కనిపించకుండా పోయింది. చిన్న చిన్న గజ్జెలున్న మొలతాడు అది. పెద్దమ్మ ఇల్లంతా వెతికించింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. "పోతే పోనీలే, బిడ్డకు దిష్టి పోయినట్టే" అంది. ఇంజనామెను పనిలోంచి తీయలేదు కూడా. అయితే ఆనాటి నుంచి ఆమె బిడ్డకు నీళ్లు పోస్తున్నంతసేపూ పక్కనే పీట వేసుకుని కూర్చుని, బిడ్డను కాక ఆమె చేతులను చూసేది. చూపులతోనే మనిషిని కొట్టడం మా పెద్దమ్మకు తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు.

ఆయుధపూజ అయిన కొన్నాళ్లకు ఇంజన్లోంచి కొత్త చప్పుడు మొదలైంది. నిలిపివేయాలని ఇంజనాయన అన్నాడు. పెదనాయన తుమకూరు నుంచి ఒక ఫిట్టరును రప్పించాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. ఇంజను అడుగున మర విప్పి ఆయిలంతా ఇనప బాండలిలోకి దించాడు. చూడటానికి ఊళ్లో సగం మంది వచ్చారు. కన్నడ బడిలో మేష్టరైన మా నాయన వెంట నేనూ వెళ్లాను. లోయరు సెకండరీ పరీక్షకు చదువుతున్న పిల్లను. నల్లటి ఆయిల్లో కాకిబంగారం రేకుల్లాంటి తునకలు తళుక్కుమన్నాయి. ఫిట్టరు వాటిని బొటనవేలితో నలిపి చూసి, "ఇదు బిళి లోహ. కరగి హోగిదె. యారు హుయ్దిద్దు?" అన్నాడు. ఇది తెల్ల లోహం, కరిగిపోయింది, పోసిందెవరు అని ఆ మాటలకు అర్థం. కన్నడంలో బిళి అంటే తెలుపు, బెళ్ళి అంటే వెండి. పెదనాయనకు మిగిలిన సగం చెవి బిళిని బెళ్ళిగా విన్నది. వెండి కరిగిపోయింది, పోసిందెవరు? ఆయన కళ్లు ఒక్కసారిగా పెద్దవయ్యాయి. సరిగ్గా అప్పుడే ఇంజనాయన రొమ్ము విరుచుకుని ముందుకొచ్చి, "నేనే పోసినా!" అన్నాడు.

ఫిట్టరు తలపంకించి, చేతులు కడుక్కుని, తెల్ల లోహం దొరికితే తెచ్చి పోస్తానని మా నాయనతో చెప్పాడు. వెళ్లబోతూ పెదనాయన వైపు తిరిగి, "ఓడిసబేడి" అని గట్టిగా అన్నాడు. ఇంజను నడపవద్దని ఆయన చెప్పినది. తరిమేయవద్దు అనే అర్థం కూడా ఆ మాటకు ఉంది. పెదనాయన ఆ రెండో అర్థాన్నే పట్టుకుని, "సరిగ్గా చెప్పినాడప్పా. దొంగను తరిమేస్తే సొత్తు యాడ దొరుకుతాది?" అన్నాడు. ఫిట్టరు నవ్వి, నమస్కారం పెట్టి, బస్సుకు వేళయిందని వెళ్లిపోయాడు. తన మాటలతో అక్కడ ఏం జరిగిందో ఆయనకు ఎన్నటికీ తెలిసి ఉండదు.

"బిళి అన్నాడు పెదనాయనా, బెళ్ళి కాదు" అన్నాను నేను. పెద్దమ్మ చెయ్యి నా చెంప మీద పడింది. "మొగోళ్ల నడుమ కన్నడం మాట్లాడతాదంట. ఈమె పెద్ద అమల్దారు!" అంది. అందరూ నవ్వారు. మా నాయన వైపు చూశాను. ఆయన తన చెప్పు వారు ఎక్కడ తెగిందో పరిశీలిస్తున్నాడు. ఇంటికి వచ్చాక అడిగాను: "బిళి అనే గదా నాయనా ఆయప్ప అన్నింది?"

"అవును."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"మా అన్నకు చెవుడని పదిమందిలో చెప్పమంటావా?" అని కొక్కేనికున్న తుండు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ఒక్క అక్షరం తప్పు రాస్తే బెత్తంతో వేళ్ల మీద కొట్టిందీ ఆయనే.

మరునాడు ఇంజనాయనను చావడి ముందు కూర్చోబెట్టారు. "మా వెండి మాకు ఏరియ్యి. రవంత గూడా పోగూడదు" అన్నాడు పెదనాయన. ఇంజనామె పెళ్లినాటి చీర తెప్పించి, దాని కొంగులోనే ఆయిలు వడకట్టించారు. వేరే గుడ్డ ఊళ్లో లేక కాదు. కొంగు మీద మిగిలిన ఒక్కొక్క తునకనూ ఆయన వేలితో అద్ది తమలపాకు మీద పెట్టాలి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి చీర నలుపైంది, ఆయన మోచేతుల దాకా నలుపైంది. ఊరు చావడి అరుగు మీద బారుగా కూర్చుని శనక్కాయలు ఒలుచుకుని తింటూ చూసింది.

"ఏమప్పా ఇంజనాయనా, మొలతాడుకు గజ్జెలుండె. అవి యాడ?"

"అవి అరగలేదంటప్పా. రేపు పొద్దున కక్కుతాది ఇంజను."

"ఇంజనుకు వెండి కడియం తొడిగినానంటివే, పెండ్లానికి ఏం తొడిగినావు?"

"ఇది సీసం! తగరం!" అని ఇంజనాయన అరిచాడు. "వెండైతే ఆయిల్లో ఇట్ల తేలుతాదా యాడన్నా?" ఆ వాదం తప్పు. ఏ లోహపు పొట్టైనా చిక్కటి ఆయిల్లో అలాగే కనిపిస్తుంది. కానీ తప్పు వాదంతో ఆయన చెప్పినది నిజం. కంసాలిని పిలిపించారు. ఆయన ఆకు మీది తునకలు చూశాడు, పెదనాయన ముఖం చూశాడు, మళ్లీ తునకలు చూశాడు. "ఇంజను వేడికి దీని జాతి మారిపోయింది పటేలప్పా. వెండి గావొచ్చు, గాకపోవొచ్చు" అని చెప్పి త్వరగా వెళ్లిపోయాడు. ఇంజనామె పెద్దమ్మ కాళ్ల దగ్గర కూలబడి, "నా గుడిసె అంతా ఎతుక్కోండమ్మా. ఆ బిడ్డను ఈ సేతుల్తో పెంచినా" అంది. "ఆ సేతులే గదమ్మా మేము సూస్తాండేది" అంది పెద్దమ్మ.

పొద్దు వాలుతుండగా ఇంజనాయన ఆకును విసిరికొట్టి లేచాడు. నేరుగా ఇంజను గదిలోకి నడిచాడు. అందరూ వెంట వెళ్లారు. నేను వాకిలి దగ్గర మా నాయన పక్కన నిలబడ్డాను. పెద్ద చక్రానికి ఆయుధపూజ నాటి కుంకుమ ఇంకా ఉంది. దాని మీద కుడి చెయ్యి ఆనించి, "అది వెండైతే ఈ ఇంజనే నా సెయ్యి తీసుకోనీ!" అని ప్రమాణం చేశాడు. నవ్వులు ఆగిపోయాయి. మా వైపు ప్రమాణమంటే అమల్దారు తీర్పు కన్నా ఎక్కువ. అక్కడితో ఆ మనిషి బయటపడ్డాడనే నేను అనుకున్నాను.

"సరే" అన్నాడు పెదనాయన. "ఇంజను నడుపు. అదే చెప్తాది."

ఇంజనాయన చక్రం మీది చెయ్యి తీశాడు. "పూత పోసేదాకా నడపగూడదప్పా. ఆ ఫిట్టరు గూడా అదే చెప్పిపోయినాడు."

"సూస్తిరా? ప్రమాణం చేసినోడే భయపడతాండాడు" అన్నాడు పెదనాయన. ఎవరో ఈల వేశారు. ఇంజనాయన చుట్టూ చూశాడు. ఆయన చూపు కాసేపు మా నాయన మీద నిలిచింది. నన్ను మినహాయిస్తే, ఫిట్టరు మాటలు పూర్తిగా అర్థమైన మనిషి అక్కడ ఆయన ఒక్కడేనని ఇంజనాయనకు తెలుసు. "మేష్టరప్పా, మీరన్నా చెప్పండి" అన్నాడు. మా నాయన తలపాగా సరిచేసుకున్నాడు.

వేరే ఆయిలు లేదు. చీర కొంగులో వడకట్టినదాన్నే తిరిగి పోశారు. ఇంజనాయన చక్రం తిప్పి ఇంజను పట్టించాడు. మొదట బాగానే నడిచింది. చప్పుడు ఉన్నా, అది అందరికీ అలవాటైన చప్పుడే. ఆయన మీసం దువ్వుకున్నాడు కూడా. వాకిట్లో ఉన్న భార్య వైపు చూసి, చూశావా అన్నట్టు గడ్డం ఎగరేశాడు. అరుగు మీద నవ్విన వాళ్లలో ఇద్దరు ముగ్గురు, "పాపం, ఊరికే అన్యాలం" అని గొణగడం నేను విన్నాను. ఆ తర్వాత చప్పుడు మారింది. ఇనుము మీద ఇనుము పడే చప్పుడు. ఆయనకు అర్థమైంది. ఆపడానికి వంగి చెయ్యి చాచాడు. కడ్డీ విరిగి, ఇంజను పక్క భాగం పగిలింది. ఆ క్షణాన్ని నేను చూడలేదు, ఎందుకంటే మా నాయన చెయ్యి నా కళ్లను మూసింది. ఆ రోజంతా ఇంజనాయన కోసం కదలని ఆ చెయ్యి అందుకు మాత్రం కదిలింది. పొగ చెదిరాక ఇంజనాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయి ఉంది. ఇంజనామె అరుపు కంటే ముందు నాకు వినిపించినది పెదనాయన గొంతు. "ఇంక సాక్ష్యమేం కావాలప్పా?" అన్నాడు. ఊరి లెక్క ఇదీ: ప్రమాణం చేసినవాడే చెయ్యి పణంగా పెట్టాడు, ఇంజను తీసుకుంది, కాబట్టి అది వెండే. ఆయన పలికిన మాటే ఆయన మీద రుజువైంది. ఇద్దరినీ ఎద్దులబండిలో హిందూపురం ఆసుపత్రికి పంపారు. ఆయన బతికాడని విన్నాను. చూడలేదు.

దీపావళికి ముందు మా ఇంట్లో స్నానాల బండ కింద నీళ్లు పోక నిలిచిపోతే, కూలివాళ్లు బండ ఎత్తారు. బురదలో మొలతాడు దొరికింది. ఒక్క గజ్జె కూడా పోలేదు. ఇది నేను కళ్లారా చూశాను. ఇప్పుడు ఎవరో ఒకరు హిందూపురానికి బండి కడతారని వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. పెద్దమ్మ దాన్ని చింతపండుతో తోమి, బిడ్డ నడుముకు కట్టి, "సెయ్యి పోయినాక భయమేసి, ఎవురిచేతనో తెచ్చి ఈడ పడేయించినారు" అంది. "దొంగలకైనా అంత భయముండాది, మంచిదే" అని పెదనాయన మెచ్చుకున్నాడు. "కరిగించి ఇంజన్లో పోసిన మొలతాడు గజ్జెలతో సహా ఎట్ల తిరిగొచ్చింది?" అని నేను అడిగాను. ఈసారి పెద్దమ్మ కొట్టలేదు. "పెండ్లి గావాల్సిన పిల్ల ఇన్ని ప్రశ్నలు అడగగూడదు" అని మాత్రం అంది. మేనత్త కొడుకుతో నా పెళ్లయింది. అదే బంధువర్గం, అదే కథ. కథలో మొలతాడు దొరికిన భాగం క్రమంగా రాలిపోయింది. ఇంజను వెండి కక్కడం మిగిలింది.

పెద్దమ్మ పోయాక ఆమె దేవుని గూటిలో ఒక చిన్న గుడ్డ మూట బయటపడింది. విప్పితే, చావడి దగ్గర ఇంజనాయన విసిరికొట్టిన తునకలు. వాటిని మళ్లీ ఎవరిచేత ఏరించిందో నేను చూడలేదు. గరిటెలో వేసి దీపం మీద పట్టాను. చూస్తుండగానే నీళ్లయ్యాయి. దీపపు మంటకు వెండి కరగదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. పెద్దమ్మ చేతికి వెండి దొరికితే అది కుంకుమ భరిణెగానో కాలి మెట్టెగానో మారకుండా ఒక్క పండుగ దాటేది కాదు. ఆ తునకలను అన్నేళ్లు ఎవరి కంటా పడకుండా మూటగట్టి ఉంచిందంటే, అవేమిటో ఆమెకు తెలుసు. తెలియక చేశారని ఇకమీదట మా ఇంట్లో ఎవరూ అనకూడదు.

ఇదంతా నేను మా మనవడికి ఆ పెరట్లోనే చెప్పాను. వాడు గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు. "పాపం" అన్నాడు. తొట్టిలోకి మళ్లీ ఒకసారి చూసి, "అయినా అవ్వా, ఇంజను వెండి కక్కిందనే మాట మాత్రం బాగుండాది గదా" అన్నాడు.

ఈ కథనంలో ఎవరి పేరూ రాయలేదు. మా వాళ్ల పేర్లు రాయకపోవడం మర్యాద కోసం. ఆయన పేరు రాయకపోవడానికి కారణం వేరు. అది నాకు తెలియదు. నేను అడగడం మొదలుపెట్టేసరికి చెప్పగలిగిన వాళ్లెవరూ మిగలలేదు, మిగిలిన కొందరూ, "ఇంజనాయనేగా?" అన్నారు. ఆనాడు చావడి అరుగు మీద నవ్విన వాళ్లు పోయారు, వాకిట్లో ఏడ్చిన ఆమె ఎప్పుడో పోయి ఉంటుంది. ఇంత కాలం గడిచినా వయసు మీద పడకుండా మా ఇంట్లో తిరుగుతున్నది ఆ నవ్వు ఒక్కటే.